నాలుగు డిగ్రీల అబద్ధం

స్టోరురూము గొళ్ళెం మీద సూదమ్మ చెయ్యి పడగానే పోయిన వారం కథ ఆపాం. మొదటి నుంచీ వెంట వస్తున్నవారికి ఆమె అక్కడిదాకా ఎందుకు వచ్చిందో తెలుసు. ఇవాళే పత్రిక చేతిలోకి తీసుకున్నవారి కోసం నాలుగు ముక్కలు.

సూదమ్మ అన్నది రోగులు పెట్టిన పేరు. పంతొమ్మిదేళ్ళుగా ఆ ల్యాబులో పనిచేస్తోంది. సూది గుచ్చిందో లేదో చూసుకునేలోపే దూది పెట్టి మోచెయ్యి మడవమంటుంది. ఆమె అక్క మొగుడు దర్జీ. అరవై రెండేళ్ళ మనిషి. మూత్రానికి మాటిమాటికీ లేస్తున్నాడని మరదలే పట్టుబట్టి ఒక శనివారం తన ల్యాబు బ్రాంచిలో పీఎస్‌ఏ పరీక్షకి రక్తం ఇప్పించింది. ప్రోస్టేట్ గ్రంథి నుంచి రక్తంలోకి చేరే ఆ పదార్థంలో కొంత వేరే వాటికి అతుక్కుని తిరుగుతుంది, కొంత విడిగా తిరుగుతుంది. మొత్తం లెక్క కాస్త ఎక్కువగా ఉన్నప్పుడు డాక్టర్లు ఆ విడిభాగం ఎంతో చూస్తారు. అది మరీ తక్కువైతే క్యాన్సరు అనుమానం బలపడుతుంది. దర్జీకి తొమ్మిది శాతం వచ్చింది. సర్జను పెదవి విరిచి, పన్నెండుచోట్ల సూది దించి ముక్కలు తీశాడు. క్యాన్సరు లేదని తేలింది. కానీ సూది వెంట ఇన్ఫెక్షను లోపలికి పోయి, పదకొండు రోజులు ఆసుపత్రి మంచం మీద వణికిపోయాడా మనిషి. అన్నీ సర్దుకుని మూడు నెలలయ్యాక సూదమ్మ తానే అక్కింటికి వెళ్ళి రక్తం తీసింది. గంటలోపు రక్తం మీద తేరే తేటని, అంటే సీరాన్ని, విడదీసి, మంచుపెట్టెలో పెట్టుకొచ్చి, తానే మిషను మీద పెట్టింది. విడిభాగం ఇరవై ఆరు శాతం.

అదే మనిషి. అదే గ్రంథి. అదే మిషను. మారింది ఒక్కటే, రక్తం ఆ మధ్యలో ఎక్కడ ఉందన్నది. బ్రాంచిల్లో శనివారం మధ్యాహ్నం తీసిన రక్తం సోమవారం పొద్దున మిషను మీదకి వస్తుంది. మధ్యలో అది ఉండే చోటు కింద స్టోరురూము. రెండేళ్ళ క్రితం పై అంతస్తు మిషన్ల దగ్గరికి మారాక సూదమ్మ ఆ గదిలో అడుగు పెట్టలేదు.

ఇక కథలోకి.

తలుపు తియ్యగానే ముందు వాసన కొట్టింది. సూదమ్మ ముక్కుకి రక్తం వాసన కొత్త కాదు, మందుల వాసన అంతకంటే కొత్త కాదు. ఇది వేరే. ఎవరో తిని మూత పెట్టి మర్చిపోయిన తిండి, దానికింద తడిసి నానిన అట్టపెట్టె, ఈ రెండింటి మీదా చల్లిన చవక సెంటు. చీరకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని లైటు వేసింది.

గోడవారగా నిలువెత్తు ఫ్రిజ్ ఉంది. తలుపు లాగింది. లోపల బల్బు వెలిగింది. హమ్మయ్య అనుకుంది ఒక్క క్షణం. చెయ్యి లోపల పెట్టింది.

వెచ్చగా ఉంది.

బయటికంటే వెచ్చగా ఉంది! పక్కనే పరికరాలు ఉడకబెట్టే స్టీమరు సెగంతా అటే కొడుతోంది. సూదమ్మ వంగి ఫ్రిజ్ వెనక చెయ్యి పెట్టి చూసింది. మోటారు మీద బూజు. అది తిరిగి ఎన్నాళ్ళయిందో ఏమో! బల్బు మాత్రం బుద్ధిగా వెలుగుతోంది.

పై అరలో స్టాఫు టిఫిను డబ్బాలు మూడు. ఒకదాని మూత కిందనుంచి బూడిదరంగు నూగు బయటికి పెరుగుతోంది. మధ్య అరలో సగం తాగిన కూల్‌డ్రింకు సీసాలు. అట్టడుగున, కూరగాయలు పెట్టుకునే ప్లాస్టిక్ సొరుగులో, రబ్బరుబ్యాండు వేసిన కట్టలుగా రక్తం ట్యూబులు. నిలబెట్టలేదు. విడదీయలేదు. కట్టెలు పడేసినట్టు పడేశారు.

ఒక ట్యూబు తీసి వెలుతురుకి పట్టి చూసింది. పైన ఎండుగడ్డి రంగులో తేటగా ఉండాల్సిన సీరం గులాబీ రంగుకి తిరిగి, చాకిరేవు నీళ్ళలా ఉంది. లేబులు మీద శనివారం పన్నెండున్నర అని రాసి ఉంది. ఇవాళ సోమవారం, పది దాటింది. నలభై ఐదు గంటలు. సొరుగు పక్కనుంచి బొద్దింక ఒకటి మీసాలు ఆడిస్తూ బయటికొచ్చి, ట్యూబు మూత మీదుగా తీరిగ్గా నడుచుకుంటూ పోయింది.

సూదమ్మ గబగబా సింకు దగ్గరికి పోయి వంగింది. ఏమీ రాలేదు గానీ, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏంటమ్మా, ఒంట్లో బాలేదా?"

గుమ్మంలో బాబాయి నిలబడి ఉన్నాడు. ల్యాబులో అందరికీ ఆయన బాబాయే. యాభై ఎనిమిదేళ్ళ స్టోరు గుమాస్తా. బ్రాంచీల నుంచి వచ్చిన ట్యూబుల్ని సోమవారం పొద్దున మిషనులో తిప్పి, సీరాన్ని బుల్లి సీసాల్లో పోసి పైకి పంపేది ఆయనే. పైన సూదమ్మకి ఆ బుల్లి సీసాలే కనబడేవి. ఎర్రబారినవి కనబడితే పక్కన పడేసి మళ్ళీ రక్తం తెప్పించమని చీటీ రాసేది. తక్కినవాటి సంగతి ఎప్పుడూ అడగలేదు.

"బాబాయ్, ఈ ఫ్రిజ్ ఎన్నాళ్ళయింది ఆగిపోయి?"

బాబాయి నీళ్ళు నమిలాడు. "ఆగిపోవడమేంటమ్మా, లైటు వెలుగుతోందిగా!"

"చెయ్యి పెట్టి చూడు."

ఆయన చెయ్యి పెట్టలేదు. పెట్టనక్కర్లేదని ఆ మొహమే చెప్పింది.

"చలికాలం ముందు ఆగింది" అన్నాడు చివరికి. "సారుకి చెప్పాను. చూద్దాం అన్నారు. మళ్ళీ చెప్పాను. మళ్ళీ చూద్దామన్నారు. ఇంక నేనేం చెయ్యను చెప్పు? నెత్తిన పెట్టుకుని ఇంటికి తీసుకుపోనా వీటిని?"

"చలికాలం ముందంటే ఎనిమిది నెలలు!"

"ఉండొచ్చు."

ఫ్రిజ్ తలుపుకి దారంతో ఒక పుస్తకం వేలాడుతోంది. రోజుకి మూడుసార్లు లోపల ఎంత చల్లగా ఉందో చూసి అందులో రాయాలి. సూదమ్మ పుస్తకం విప్పింది. నాలుగు డిగ్రీలు. నాలుగు డిగ్రీలు. నాలుగు డిగ్రీలు. పేజీ నిండా అదే, ఒకే పెన్నుతో, ఒకే ఊపులో. ఇవాళ్టి వరుస దాటి కిందికి చూసింది. రేపు పొద్దున నాలుగు. ఎల్లుండి సాయంత్రం నాలుగు. వచ్చే శనివారం దాకా నిండిపోయి ఉంది.

"బాబాయ్, వచ్చే శనివారం ఎంత చల్లగా ఉంటుందో నీకివాళే ఎలా తెలిసింది?"

"ఎప్పుడూ నాలుగే కదమ్మా" అన్నాడు బాబాయి, గొంతు చిన్నది చేసుకుని. "ఖాళీ దొరికినప్పుడు రాసేసుకుంటా. ఇన్‌స్పెక్షనుకి వచ్చేవాళ్ళకి కావాల్సింది నాలుగు. వాళ్ళు నాలుగు చూసుకుని వెళ్ళిపోతారు. నీకూ తెలుసుగా!"

"నాకా? నాకేం తెలుసు?"

బాబాయి పుస్తకం ఆమె చేతుల్లోంచి తీసుకుని, పోయిన నెల పేజీకి తిప్పి, పేజీ అడుగున వేలు పెట్టి చూపించాడు.

పరిశీలించాను అని అచ్చు వేసి ఉన్నచోట ఆమె సంతకం ఉంది. అంతకు ముందు నెల కిందా ఉంది. దానికి ముందు నెల కిందా. నెలాఖరున కాగితాల కట్టలూ పుస్తకాలూ పైకి వచ్చేవి. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, టీ చల్లారిపోతోందని ఒక పక్క చూస్తూ, టకటకా సంతకాలు గీకి పంపేసేది. వాటిలో ఇది కూడా ఉందన్నమాట.

టిఫిను డబ్బాలో పెరిగిన నూగు చూసినప్పుడు కలిగిన రోత ఇప్పుడు తన కుడిచెయ్యి చూసుకుంటే కలిగింది. సింకు దగ్గరికి మళ్ళీ పోయి సబ్బుతో చేతులు కడుక్కుంది. తుడుచుకుని మళ్ళీ కడుక్కుంది. బాబాయి చూస్తూ నిలబడ్డాడు.

"నీ తప్పు కాదులేమ్మా" అన్నాడు ఓదార్పుగా. "అందరం చేసేదే."

ఆ ఓదార్పుకి ఒళ్ళు మండిపోయింది. పుస్తకానికున్న దారం పటుక్కున తెంపి, ఆ గులాబీరంగు ట్యూబు ఒకటి తెల్లకోటు జేబులో వేసుకుని, సూదమ్మ మెట్లెక్కింది.

ల్యాబు యజమానిని స్టాఫు పెద్దసారు అంటారు. ఆయనా డాక్టరే. గోడకి ముగ్గురు పట్టేంత సోఫా, దానికెదురుగా అద్దం పరిచిన బల్ల, బల్ల వెనక ఆయన. బిస్కెట్టు టీలో ముంచి, అది విరిగి కప్పులో పడేలోపే నోట్లో వేసుకోవడం ఆయనకి సరదా. సూదమ్మ లోపలికి వచ్చేసరికి అదే పనిలో ఉన్నాడు.

"రామ్మా రా. మీ బావగారికి ఎలా ఉంది? జ్వరం తగ్గిందా?"

"తగ్గి మూడు నెలలైంది సార్."

"మంచిది. కూర్చో."

ఆమె కూర్చోలేదు. ట్యూబుని అద్దం బల్ల మీద పెట్టింది. అది దొర్లుకుంటూ పోయి టీ కప్పు సాసరుకి తగిలి ఆగింది. పెద్దసారు బిస్కెట్టు పట్టుకున్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏంటిది? తింటున్న దగ్గర!"

"ఎవరి తండ్రి రక్తమో సార్. శనివారం తీశారు. అప్పట్నుంచీ కింద స్టీమరు పక్కన వెచ్చగా పడుకుంది."

పెద్దసారు నిట్టూర్చి టిష్యూ కాగితంతో సాసరు జరిపాడు. ట్యూబుని మాత్రం ముట్టుకోలేదు.

"ఫ్రిజ్ సంగతా? బాబాయి చెప్పాడులే. కొత్తది కొనాలి. చూస్తున్నాం."

"ఎనిమిది నెలలుగా చూస్తున్నారు. రక్తం వెచ్చగా ఉంటే విడిభాగం ముందు చెడిపోతుందని మీకు నేను చెప్పాలా సార్? గంటలు గడిచేకొద్దీ అది తరిగిపోతుంది. మొత్తం మాత్రం అంత త్వరగా తరగదు. అంటే శాతం పడిపోతుంది. ఏ జబ్బూ లేనివాడి రక్తం క్యాన్సరున్నవాడి రక్తంలా కనబడుతుంది."

"అరిచి చెప్పకు. బయట పేషెంట్లున్నారు."

"ఉన్నారనే అరుస్తున్నా."

పెద్దసారు వెనక్కి వాలాడు. కోపం తెచ్చుకోలేదు. ఆయన ఎప్పుడూ కోపం తెచ్చుకోడు, అదే ఆయన బలం. చిన్నపిల్లకి పాఠం చెప్పినట్టు మొదలుపెట్టాడు.

"చూడమ్మా. మన పరీక్ష ఎవరికీ క్యాన్సరుందని చెప్పదు. అనుమానం ఉందంటుంది, అంతే. ఆ తర్వాత ముక్క తీసి చూసేది సర్జను. లేదని తేలిందనుకో, మనిషి గుండె మీద చెయ్యేసుకుని పడుకుంటాడు. మీ బావగారికి జరిగింది అదేగా? లేదని తెలిసింది. సంతోషించాలి!"

"పదకొండు రోజులు సార్. పళ్ళు టకటకలాడుతుంటే మా అక్క రెండు దుప్పట్లు కప్పి మీద పడుకునేది. మూత్రం రాక గొట్టం వేశారు. ఇప్పటికీ మిషను తొక్కడానికి కూర్చోలేడు. నిలబడి కుడుతున్నాడు, పైజమాలూ జాకెట్లూ. ఆయనకి నేను చెప్పాలా, సంతోషించండి బావగారూ అని?"

"అది ఆసుపత్రి వాళ్ళ ఇన్ఫెక్షను. మనది కాదు."

ఎంత సుళువుగా చేతులు దులుపుకున్నాడు! ఆ చేతుల వైపే చూసింది సూదమ్మ. వేళ్ళకంటిన బిస్కెట్టు పొడిని ఆయన నిజంగానే దులుపుకుంటున్నాడు. పొడి అద్దం మీద రాలి, ట్యూబు చుట్టూ పడింది. ఆమె చూపు తిప్పుకుంది.

తిప్పుకున్న చూపు గది మూలకి పోయింది. అక్కడ మోకాలెత్తు బుల్లి ఫ్రిజ్ ఒకటి. పెద్దసారు మంచినీళ్ళ కోసమేమో అనుకునేది ఇన్నాళ్ళూ. తలుపు మీద ఎర్ర అంకెలు వెలుగుతున్నాయి. నాలుగు. నిజమైన నాలుగు.

ఎందుకో తనకే తెలియదు, వెళ్ళి తలుపు తీసింది.

"ఏయ్! అది—"

లోపల స్టాండులో బుల్లి సీసాలు నిటారుగా, వరసగా నిలబడి ఉన్నాయి. చక్కగా విడదీసిన సీరం, ఎండుగడ్డి రంగులో, తేటగా. ఒక్కోదాని మీదా ఎర్ర స్టిక్కరు. ఒక్కోదాని మీదా రక్తం తీసిన టైమూ, విడదీసిన టైమూ. మధ్యలో ఎక్కడా గంట దాటలేదు. సూదమ్మ ఒక్కొక్క లేబులూ చదివింది. పెద్దసారు నాన్నగారు. పెద్దసారు బావమరిది. ల్యాబులో వాటాలున్న ఇద్దరు. బావగారికి ముక్కలు తీసిన సర్జనుగారి మామగారు.

ఎర్ర స్టిక్కరున్న సీసాలు తన దగ్గరికి వస్తే ముందు వాటినే మిషను మీద పెట్టమనేవారు. పెద్దవాళ్ళు, తొందరలో ఉంటారు కాబోలు అనుకునేది.

తలుపు మెల్లగా మూసింది.

"మీకు తెలియదేమో అనుకున్నా సార్" అంది. "మెట్లెక్కేటప్పుడు కూడా అదే అనుకున్నా. పని ఒత్తిడి, పట్టించుకుని ఉండరు, చెబితే అదిరిపడతారు అని. మీ నాన్నగారి రక్తం ఎక్కడ పెట్టాలో మీకు బాగా తెలుసు."

"అది వేరు."

"ఏం వేరు?"

పెద్దసారు లేచి గది తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. కూర్చుని, ఆమె చంకలో ఉన్న పుస్తకం వైపు చెయ్యి చాచాడు.

"అదిలా ఇవ్వు."

ఆమె ఇవ్వలేదు.

"పోనీ నువ్వే చదువు. అడుగున సంతకం ఎవరిది? నాదా? బాబాయిదా?" గొంతులో ఇంకా ఆ మెత్తదనం అలాగే ఉంది. "రేపు ఎవరైనా వచ్చి అడిగితే నేనేం చెప్పాలి? ఇంత అనుభవమున్న మనిషి ప్రతి నెలా పరిశీలించి సంతకం పెట్టింది, నేను నమ్మాను. అంతే కదా చెప్పేది? నీ మీద నాకు కోపమేమీ లేదు. నీ మంచి కోరే చెబుతున్నా. కొత్త ఫ్రిజ్ వారంలో వచ్చేస్తుంది. కింద కడిగించేద్దాం. ఆ పుస్తకం చిరిగిపోయిందనుకుందాం. నువ్వెళ్ళి పని చూసుకో."

ఏదో జిగటది ఒంటి మీద పోసినట్టయింది సూదమ్మకి. ఈ మనిషి కింద పంతొమ్మిదేళ్ళు! ఈయన పిల్లల పుట్టినరోజులకి వెళ్ళింది. ఈయన తల్లికి రక్తం తీయాలంటే సెలవురోజైనా పరిగెత్తింది. సార్ దేవుడులాంటివాడని అక్క దగ్గర, బావగారి దగ్గర ఎన్నిసార్లందో! బావగారు ఈ ల్యాబుకి వచ్చింది ఆ మాట నమ్మే.

"సంతకం నాదే సార్" అంది. "చూడకుండా పెట్టాను. సిగ్గులేకుండా పెట్టాను. ఆ మాట ఎవరడిగినా చెబుతా, మీరు చెప్పేదాకా ఆగను. నన్నేం చేస్తారో చెయ్యనివ్వండి. కానీ ఇవాళ్టి రిపోర్టుల మీద మాత్రం నా సంతకం ఉండదు."

"ఆవేశపడకు. పిల్లల చదువులున్నాయి నీకు."

"ఉన్నాయి. ఇంటికెళ్ళి వాళ్ళకి అన్నం కలిపి పెట్టాలి, ఈ చేత్తో."

ట్యూబు తీసుకుని బయటికి నడిచింది. వెనక పెద్దసారు ఫోను ఎత్తుతున్న చప్పుడు వినబడింది.

తన టేబులు దగ్గరికి వచ్చి కంప్యూటరు ముందు కూర్చుంది. ఎనిమిది నెలల పీఎస్‌ఏ రిపోర్టులు, విడిభాగం పది శాతానికి లోపున్నవి, ఎర్ర స్టిక్కరు లేనివి చూపించమని కంప్యూటరుని అడిగింది. తెర మీద పేర్లు జారడం మొదలుపెట్టాయి. ఆగుతాయనుకున్నచోట ఆగలేదు. అరవై ఏడుగురు. వీళ్ళలో నిజంగా జబ్బున్నవాళ్ళు ఎందరో, వెచ్చటి ఫ్రిజ్ జబ్బు అంటగట్టినవాళ్ళు ఎందరో ఇప్పుడెవరికీ తెలియదు. అందరికీ మళ్ళీ రక్తం తీయాలి. అందరికీ ఫోను చెయ్యాలి.

మొట్టమొదట ఎవరికి చెయ్యాలో వెతికింది. అన్నిటికంటే కొత్త రిపోర్టు పోయిన సోమవారానిది. పోస్టుమాను, యాభై తొమ్మిదేళ్ళు, ఎనిమిది శాతం. పక్కన సర్జను ఆసుపత్రి నుంచి వచ్చిన చిన్న నోటు. ముక్క తీయడానికి ఇవాళే, పదకొండు గంటలకి.

గోడ గడియారం చూసింది. పదకొండుకి ఐదు నిమిషాలు.

ఆసుపత్రికి ఫోను కలిపింది. రిసెప్షను. హోల్డు. వార్డు. మళ్ళీ హోల్డు. చివరికి ఒక నర్సు ఎత్తింది.

"అర్జెంటమ్మా, డాక్టరుగారితో మాట్లాడాలి. ల్యాబు నుంచి. ఆ పోస్టుమానుగారి రిపోర్టు నమ్మడానికి లేదు. సూది వెయ్యకముందే మాట్లాడాలి."

ఏమనుకుందో ఏమో ఆ నర్సు, ఫోను పట్టుకుని పరిగెత్తినట్టుంది. చెప్పుల చప్పుడు, తలుపు తెరిచిన చప్పుడు. తర్వాత సర్జను గొంతు, ముక్కుకి మాస్కు ఉన్నట్టు బొంగురుగా.

"చెప్పండి సూదమ్మగారూ. మీ పెద్దసారు ఇప్పుడే ఫోను చేశారు, మీరు చేస్తారని."

"డాక్టరుగారూ, ఆ రక్తం రెండు రోజులు వెచ్చటి చోట ఉంది. ఆ ఎనిమిది శాతం నిజం కాకపోవచ్చు. దయచేసి ఆపండి. నేనే వచ్చి మళ్ళీ రక్తం తీస్తా, సాయంత్రానికల్లా రిపోర్టు ఇస్తా."



"మీ శాంపిళ్ళు వేడెక్కుతున్నాయని నాకు చలికాలంలోనే తెలుసండీ" అన్నాడు సర్జను, వాతావరణం గురించి చెబుతున్నంత మామూలుగా. "మా మామగారి రక్తం వేరేగా పెట్టమని అందుకేగా చెప్పింది! ఇప్పుడు ఆపమంటే ఎలా? ఈయనకి అక్కడ మట్టుకు తిమ్మిరెక్కేలా మత్తు సూది ఇచ్చేశాం."

ఫోను ఆయన చెవి దగ్గరనుంచి జరిగినట్టుంది. ఆ వెనకనుంచి ఇంకో గొంతు వినబడింది. మెత్తటి గొంతు, మొహమాటపు గొంతు, ఉత్తరం అందిస్తూ సంతకం అడిగే మనిషి గొంతు.

"ఏమైందండీ డాక్టరుగారూ? ఫోను నా గురించేనా?"